యువత ఆశలు, ఉపాధి బాటలు: హజ్రత్ మూసా (అలై) మద్‌యన్ జీవితం నేర్పే పాఠాలు

యువకుడికి ఆశలు ఉండటం తప్పా? మంచి ఉద్యోగం దొరకాలని, సొంత ఇల్లు కట్టుకోవాలని, అమ్మానాన్నలను హజ్‌కు పంపాలని, చెల్లెళ్ళ నికాహ్ గౌరవంగా జరిపించాలని, నలుగురిలో తలెత్తుకుని తిరగాలని కోరుకుంటే అది ప్రాపంచిక వ్యామోహం అవుతుందా? కర్నూలు, కడప ప్రాంతాల మస్జిదుల్లో జుమా నమాజు తర్వాత యువకులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇదే.

దీనికి సమాధానం సూటిగానే చెప్పవచ్చు. ఆశ తప్పు కాదు. ఆ ఆశను నెరవేర్చుకునే మార్గం ధర్మసమ్మతమైనదా కాదా అన్నదే ఇస్లాం అడిగే ప్రశ్న. ప్రళయదినాన ఆదం సంతతిలోని ఏ ఒక్కరూ కొన్ని ప్రశ్నలకు సమాధానం చెప్పకుండా అడుగు కదపలేరని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. జీవితాన్ని గురించి ఒక ప్రశ్న ఉండగా, యౌవనాన్ని గురించి ప్రత్యేకంగా మరో ప్రశ్న ఉంది. సంపదను గురించైతే రెండు ప్రశ్నలు: ఎలా సంపాదించావు? ఎక్కడ ఖర్చుపెట్టావు? యౌవనమూ సంపాదనా రెండూ లెక్క చెప్పవలసిన అమానతులే అన్నమాట.

అయితే ఇంతవరకు చెప్పి ఊరుకుంటే యువకుడి కష్టం తీరదు. "హరామ్ జోలికి పోవద్దు" అని చెప్పేవారు ఎందరో ఉన్నారు. "హలాల్ దారి ఇదిగో, రా, నాతో నడువు" అనేవారు ఎందరున్నారు? ఈ విషయంలో దివ్య ఖుర్ఆన్ మన ముందు ఒక యువకుడి వృత్తాంతాన్ని ఉంచింది. ఆయన దైవప్రవక్త హజ్రత్ మూసా (అలై). ఉపాధి, వలస, ఒప్పందం, వివాహం అనే నాలుగు విషయాలూ ఆ ఒక్క వృత్తాంతంలోనే ఉన్నాయి. నేటి మన యువతను కలవరపెడుతున్నవి కూడా ఈ నాలుగే.

బావి దగ్గర ఒక పరదేశి

సూరా అల్ ఖసస్‌లో అల్లాహ్ ఈ వృత్తాంతాన్ని వివరంగా తెలిపాడు. దాని సారాంశం ఇది. మూసా (అలై) ఈజిప్టులో ఫిర్ఔన్ భవనంలో పెరిగారు. నిండు యౌవనంలో ఉండగా, ఒక పీడితుడికి సాయం చేయబోయినప్పుడు ఆయన కొట్టిన దెబ్బకు ఎదుటివాడు ప్రాణాలు కోల్పోయాడు. అది ఆయన కావాలని చేసింది కాదు. వెంటనే పశ్చాత్తాపంతో ప్రభువును క్షమాపణ వేడుకున్నారు. అధికారులు ఆయన్ని చంపటానికి మంతనాలు జరుపుతున్నారని ఊరి చివరి నుండి ఒక వ్యక్తి పరుగున వచ్చి హెచ్చరించాడు. కట్టుబట్టలతో బయలుదేరి ఆయన మద్‌యన్ చేరుకున్నారు.

అక్కడ ఒక బావి దగ్గర పశువుల కాపరులు తమ మందలకు నీళ్ళు పెట్టుకుంటున్నారు. ఇద్దరు అమ్మాయిలు మాత్రం తమ మేకలను అదిమిపట్టుకుని దూరంగా నిలబడి ఉన్నారు. ఎందుకని ఆయన అడిగితే, కాపరులంతా వెళ్ళిపోయేదాకా తమకు వీలుకాదని, తమ తండ్రి ముసలివాడని చెప్పారు. మూసా (అలై) వారి పశువులకు నీళ్ళు తోడిపెట్టారు. తర్వాత నీడలోకి వెళ్ళి కూర్చుని, ప్రభువు ఏ మేలు కురిపించినా దాని అవసరం తనకుందని దుఆ చేసుకున్నారు.

కాసేపటికి ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి సిగ్గుపడుతూ నడిచివచ్చి, తండ్రి పిలుస్తున్నాడని చెప్పింది. ఆ పెద్దాయన ఈ పరదేశి కథంతా విన్నాడు, భయపడవద్దని ధైర్యం చెప్పాడు. కూతురి సలహాపై పని ఇచ్చాడు, తన కూతురినిచ్చి వివాహం చేశాడు. ఆయన హజ్రత్ షుఐబ్ (అలై) అని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. ఖుర్ఆన్ మాత్రం ఆయన పేరు చెప్పలేదు. పేరు తెలియకపోయినా ఆయన చేసిన పని మనకు తెలుసు, మనం నేర్చుకోవలసిందీ అదే.

ఈ వృత్తాంతాన్ని మన పరిస్థితితో పోల్చుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఊరు విడిచిన ఆ యువకుడికి మద్‌యన్‌లో ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు. దారి తోచని మన యువకుడికి ముందుగా ఎదురవుతున్నది వీసా ఏజెంటు, వడ్డీ వ్యాపారి, ఫోనులో బెట్టింగు యాప్! లోపం యువకుల ఆశల్లో లేదు. ఆ పెద్దమనిషి స్థానం మన మహల్లాల్లో ఖాళీగా ఉండటంలోనే ఉంది.

మొదటి పాఠం: ముందు పని, తర్వాత దుఆ

మూసా (అలై) నీడలో కూర్చుని దుఆ చేసింది నిజమే. కానీ ఎప్పుడు చేశారు? నీళ్ళు తోడిపెట్టిన తర్వాత. ఆకలితో, అలసటతో ఉండి కూడా ఎదురుగా కనిపించిన పనికి చేయి అందించారు, కూలి అడగలేదు. రాజభవనంలో పెరిగిన తాను పశువులకు నీళ్ళు తోడటమేమిటని నామోషీ పడలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మేకలు కాశారు. ప్రవక్తలందరూ పశువులను కాసినవారేనని, తాను కూడా మక్కావాసుల మేకలను కాశానని మన ప్రవక్త (స) తెలిపిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది.

మన ప్రాంతంలో చదువుకున్న యువకులు చాలామంది ఏళ్ళ తరబడి ఒకే ఒక్క ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ గడిపేస్తున్నారు. 2025లో రాష్ట్రంలో డీఎస్సీ ద్వారా 16,347 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వస్తే మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. ప్రయత్నించటం మంచిదే, గట్టిగా ప్రయత్నించాలి. కానీ ఎంపిక కాని లక్షల మంది ఏమవుతారు? పరీక్షకు చదువుతూనే ట్యూషన్ చెప్పుకోవటం, లెక్కలు రాయటం, దుకాణంలో కూర్చోవటం నామోషీ ఏమీ కాదు. ఖాళీగా గడిపే చేతిలోకి ఏదో ఒకటి వచ్చి చేరుతుంది.

వచ్చి చేరుతున్నది ఏమిటో మనందరికీ తెలుసు. క్రికెట్ బెట్టింగు, రమ్మీ, రకరకాల ఆన్‌లైన్ ఆటలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రభుత్వాలకు ఇప్పుడు అర్థమైన కీడును దివ్య ఖుర్ఆన్ పద్నాలుగు వందల ఏళ్ళకు పూర్వమే మద్యంతో పాటు చేర్చి, షైతాన్ పనిగా ప్రకటించింది. చట్టం ఉన్నా దొంగదారులు ఉంటూనే ఉన్నాయి. మొదట వంద రూపాయలు వస్తాయి, తర్వాత పదివేలు పోతాయి. పోయింది రాబట్టుకోవటానికి లోన్ యాప్‌లో అప్పు, అది కట్టకపోతే ఫోనులోని నంబర్లన్నిటికీ అవమానకరమైన మెసేజీలు. పరువు పోతుందన్న భయంతో ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు 2020 నుండి తెలుగునాట ఎన్నో వచ్చాయి.

ఇలాంటి ఉచ్చులో చిక్కిన కుర్రాడు ఇంట్లో చెప్పగలిగితే బతికి బయటపడతాడు, చెప్పుకోలేకపోతేనే ప్రమాదం. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. బిడ్డ తప్పు చేసి వచ్చి చెప్పుకుంటే ముందు మద్‌యన్ పెద్దాయన అన్నట్లుగా "భయపడకు" అనండి. లెక్కలు, మందలింపులు తర్వాత చూసుకోవచ్చు.

రెండో పాఠం: బలం, నమ్మకం

మూసా (అలై)ను పనిలో పెట్టుకోమని సలహా ఇచ్చిన అమ్మాయి రెండే గుణాలు చెప్పింది. ఆయన బలమైనవాడు, నమ్మదగినవాడు. ప్రపంచంలో ఏ యజమాని అయినా ఈనాటికీ వెదికేది ఈ రెండు గుణాలనే. మా అభిప్రాయంలో నేటి కాలానికి బలం అంటే కండబలం ఒక్కటే కాదు, చదువు కూడా, చేతిలోని హునర్ కూడా. నమ్మకం అంటే సమయపాలన, మాట నిలకడ, పరాయి సొమ్ముపై చేయి వేయకపోవటం.

బలం విషయంలో మన పరిస్థితిని నిజాయితీగా చూసుకోవాలి. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం, 2001 జనాభా లెక్కల్లో దేశ సగటు అక్షరాస్యత 64.8 శాతం ఉండగా ముస్లిములది 59.1 శాతం. ఆరు నుండి పద్నాలుగేళ్ళ వయసు ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడికే వెళ్ళనివారో, మధ్యలో మానేసినవారో అని ఆ నివేదిక చెప్పింది. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడింది. అయినా మన వీధుల్లో చూడండి. పదో తరగతి తప్పిన కుర్రాడు మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగు షాపులోనో, బేతంచెర్ల నాపరాళ్ళ ఫ్యాక్టరీలోనో కనిపిస్తాడు. ఆ పనులు హలాల్ పనులే, గౌరవించదగినవే. కానీ చదువు తెగిపోవటం వల్ల అతను జీవితాంతం అదే మెట్టు మీద ఆగిపోతున్నాడు.

పదో తరగతి అన్నది చిన్న విషయం కాదు. అది లేనివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. కోవలోకి వస్తుంది. గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే వారికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అది ఉన్నవారికి ఆ నిబంధన లేదు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు రెండేళ్ళు, వెల్డర్ కోర్సు ఏడాది. పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా. బడి మానేసినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా, పని చేసుకుంటూనే, పదో తరగతి పూర్తిచేయవచ్చు. మదర్సా విద్యార్థులకు కూడా ఈ దారి తెరిచే ఉంది. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామిక నగరాలకు కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అక్కడ ఫ్యాక్టరీలు వచ్చేనాటికి మన పిల్లల చేతిలో సర్టిఫికెట్టు ఉంటుందా, పలుగూ పారా ఉంటాయా అన్నది ఈ రోజు మనం తీసుకునే నిర్ణయంపై ఆధారపడి ఉంది.

రిజర్వేషన్ల సంగతి కూడా చాలా ఇళ్ళలో సరిగా తెలియదు. 2007 నాటి చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. హైకోర్టు కొట్టివేసినా, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. దూదేకుల, నూర్‌బాష్ సోదరులు బి.సి.-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు బి.సి.-ఇలోకి రావు. వారిలోని పేదలకు 2019లో వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటా ఉంది. సీటు వచ్చాక సర్టిఫికెట్ కోసం పరుగులు తీయకుండా, పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే కాగితాలు సిద్ధం చేసుకోవటం వివేకం.

"మా పిల్లవాడికి ఉర్దూ వస్తుంది, తెలుగు రాయటం రాదు, ఇంగ్లీషంటే భయం" అని తల్లిదండ్రులు అంటుంటారు. దైవప్రవక్త (స) తమ సహాబీ హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశిస్తే, నవయువకుడైన ఆయన పదిహేను రోజుల్లోనే నేర్చుకున్నారని తిర్మిజీలో ఉంది. అదే యువకుడికి తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఖుర్ఆన్‌ను ఒకచోట చేర్చే మహత్కార్యం అప్పగించబడింది. భాష నేర్చుకోవటం దీన్‌కు విరుద్ధం కాదు, దీన్ సేవకే ఆయుధం. మన కర్నూలులోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. అరబీ, ఉర్దూ విద్వాంసుడైన డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో ఇక్కడ ఉస్మానియా కళాశాలను స్థాపించారు. ఈ కరువు సీమలో ఎన్నో కుటుంబాల పిల్లలు ఆ కళాశాల గడప తొక్కి పట్టభద్రులయ్యారు. 2016లో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఒక ఆలిం తలచుకుంటే తరాల ఆశలకు దారి వేయగలడనటానికి ఇది సాక్ష్యం.

మూడో పాఠం: ఒప్పందం స్పష్టంగా ఉండాలి

మద్‌యన్ పెద్దాయన మూసా (అలై)కు పని ఇచ్చేటప్పుడు గడువు ఎనిమిదేళ్ళని స్పష్టంగా చెప్పాడు. పదేళ్ళు పూర్తిచేస్తే అది నీ ఇష్టం అన్నాడు. నిన్ను కష్టపెట్టాలని నాకు లేదని మాట ఇచ్చాడు. మూసా (అలై) కూడా రెండు గడువుల్లో ఏది పూర్తిచేసినా తనపై ఒత్తిడి ఉండరాదని చెప్పి, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టారు. పని ఏమిటి, ఎంతకాలం, ప్రతిఫలం ఏమిటి అన్నవన్నీ ముందే తేలిపోయాయి. ఆయన రెండింటిలో ఎక్కువ గడువునే పూర్తిచేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపినట్లు బుఖారీలో ఉంది.

ఇప్పుడు మన వలసలను చూడండి. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి దశాబ్దాలుగా స్త్రీలూ పురుషులూ కువైట్ బాట పడుతున్నారు. ఆదోని, మంత్రాలయం వైపు నుండి వానలు లేని ఏడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు వెళ్తున్నాయి. వలస పోవటం పాపం కాదు. అల్లాహ్ భూమి విశాలమైనది. కానీ ఏ పనికి వెళ్తున్నామో, ఎవరి దగ్గరికి వెళ్తున్నామో తెలియకుండా వెళ్ళటం తవక్కుల్ అనిపించుకోదు.

'ఆజాద్ వీసా' అన్న మాట మన ఊళ్ళలో బాగా చెలామణిలో ఉంది. అక్కడికి వెళ్ళి ఎవరి దగ్గరైనా ఇష్టం వచ్చిన పని చేసుకోవచ్చని ఏజెంట్లు చెబుతారు. కువైట్ చట్టంలో అలాంటి వీసా లేదు. ప్రతి వీసా వెనుకా ఒక కఫీల్ ఉంటాడు. 20వ నంబరు వీసా ఇంటిపనికి, 18వ నంబరు వీసా కంపెనీ పనులకు. ఒకరి వీసాపై వెళ్ళి మరొకరి దగ్గర పనిచేస్తే అది అక్కడ నేరం. కఫీల్ 'పారిపోయాడు' అని కేసు పెడితే పట్టుబడినవాడు జైలు చూసి, వేలిముద్రలు ఇచ్చి తిరిగి రావలసిందే.

లెక్క కూడా ఒకసారి వేసుకుందాం. ఒక యువకుడు రెండు లక్షల రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇంటిపని వీసా కొన్నాడనుకోండి. వడ్డీయే నెలకు 6 వేలు. ఇంటిపనివారికి కువైట్ 2016లో నిర్ణయించిన కనీస జీతం 60 దీనార్లు. 2024లో దీనారు విలువ సుమారు 270 రూపాయలు. అంటే నెలకు 16 వేల చిల్లర. వడ్డీ పోగా మిగిలేది 10 వేలు. తన కోసం ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టకుండా ఆ పదివేలూ కూడబెడితే అసలు తీరటానికి 20 నెలలు పడుతుంది. రెండేళ్ళ చెమటలో ఇంటికి చేరేది నాలుగు నెలల జీతం! వడ్డీ ఎందుకు హరామ్ అని అడిగేవారికి ఈ లెక్క చాలదా?

కనుక వెళ్ళేవారు కొన్ని విషయాలు తప్పక గమనించాలి. ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళాలి. అతను తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. అంతకు మించి అడిగితే అది అక్రమం. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకోవాలి. ఒప్పంద పత్రంలో జీతం, పని, గడువు రాసి ఉండాలి, దాని ప్రతి ఒకటి ఇంట్లో ఉంచాలి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో వెళ్ళే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. అలాంటి రోజున ఇంటివారికి ఆసరా అయ్యేది ఈ కాగితాలే. ఇక ఇంటిపనికి వెళ్ళే స్త్రీలకు 30 ఏళ్ళు నిండి ఉండాలని మన ప్రభుత్వ నియమం. విజిట్ వీసాపై మరో దేశం మీదుగా పంపుతామన్నవాడి మాట నమ్మి మన తల్లులను, అక్కచెల్లెళ్ళను పంపవద్దు.

నాలుగో పాఠం: పెళ్ళి భారం ఎవరిమీద?

యువకులు ఎందుకు ఇంత తొందరపడి అప్పు చేసి విదేశాలకు పరుగెత్తుతున్నారు? అడిగి చూడండి. "చెల్లి పెళ్ళి ఉంది హజ్రత్" అంటారు. జోడే రకం, జహేజ్, బండి, ఫంక్షన్ హాలు, రెండు పూటల బిర్యానీ. ఒక ఆడపిల్ల పెళ్ళి కోసం ఒక మగపిల్లవాడి చదువు బలి అవుతోంది. ఆ మగపిల్లవాడే నాలుగేళ్ళ తర్వాత తిరిగివచ్చి, "మా చెల్లికి ఇంత ఇచ్చాం కదా" అంటూ మరో ఇంటి నుండి అంతా రాబట్టుకుంటాడు. అక్కడ మరో అన్న చదువు ఆగిపోతుంది. ఈ గొలుసును ఎవరో ఒకరు తెంచాలి.

మద్‌యన్‌లో జరిగిన పెళ్ళి చూడండి. వరుడి దగ్గర చిల్లిగవ్వ లేదు. అయినా మామగారి నుండి ఏమీ తీసుకోలేదు. తన శ్రమనే ప్రతిఫలంగా పెట్టాడు. శ్రమను మహర్‌గా నిర్ణయించవచ్చా లేదా అన్న విషయంలో మన ఫిఖహ్ పండితుల మధ్య చర్చ ఉంది. మనం ఇక్కడ ఆ చర్చలోకి వెళ్ళటం లేదు. కానీ దిశ మాత్రం స్పష్టం. ఇవ్వవలసినవాడు వరుడు, తీసుకోవలసినది వధువు. సూరా అన్నిసాలో కూడా ఖర్చుపెట్టే బాధ్యత పురుషుడిపైనే ఉంచబడింది. మనం దాన్ని తలకిందులు చేసి, పైన నికాహ్ ఖుత్బా చదివిస్తున్నాం. వరకట్నం తీసుకోవటం 1961 నాటి చట్టం ప్రకారం నేరం. షరీఅత్ ప్రకారం అది ఒకరి నిస్సహాయతను ఆసరా చేసుకుని వారి సొమ్ము తినటం.

ఈ వృత్తాంతంలో మరో సంగతి ఉంది. పనివాడిని ఎంచుకోవటంలో తండ్రి కూతురి సలహా విన్నాడు. ఆమె సిగ్గును ఖుర్ఆన్ ప్రస్తావించింది, ఆమె తెలివినీ ప్రస్తావించింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. ఈరోజు మన ఆడపిల్లలు చాలా ఇళ్ళలో మగపిల్లలకంటే బాగా చదువుతున్నారు. టీచరు కావాలని, డాక్టరు కావాలని, నర్సు కావాలని వారికీ ఆశలున్నాయి. సంబంధం కుదిరిందన్న ఒకే కారణంతో ఇంటర్ మధ్యలో ఆపేయకండి. ఆమె పెళ్ళి విషయంలో ఆమె సమ్మతి అడగటం మీ దయ కాదు, దీన్ ఆమెకు ఇచ్చిన హక్కు. కట్నానికి కూడబెట్టే సొమ్ములో సగం ఆమె చదువుకు పెట్టి చూడండి. అది ఎవరూ లాక్కోలేని జహేజ్ అవుతుంది.

ఆ పెద్దమనిషి ఎక్కడ?

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. యువకుల గురించి మాట్లాడేటప్పుడు ఉపన్యాసాలన్నీ యువకులకే ఇస్తుంటాం. కానీ ఈ వృత్తాంతంలో పెద్దాయన పాత్ర సగం ఉంది. ఆయన ఒక్క రోజులో నాలుగు పనులు చేశాడు. పిలిపించాడు, విన్నాడు, ధైర్యం చెప్పాడు, పని చూపాడు.

మన ప్రవక్త (స) కూడా ఇదే చేశారు. అన్సారుల్లో ఒక పేదవాడు సహాయం అడగటానికి వస్తే, ఇంట్లో ఏముందని అడిగారు. ఒక దుప్పటి, ఒక గిన్నె తప్ప ఏమీ లేవని తెలిసి వాటిని తెప్పించి, స్వయంగా వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, మరో దిర్హముతో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తమ స్వహస్తాలతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజుల తర్వాత కనిపించమని చెప్పారు. అతను పది దిర్హములు సంపాదించి తిరిగివచ్చాడు. ఈ ఉదంతం అబూదావూద్‌లో ఉంది. అడుక్కోవద్దని చెప్పటంతో సరిపెట్టలేదు, పిడి కూడా బిగించారు. చూశారా, ఉపదేశానికీ తోడ్పాటుకీ మధ్య తేడా!

ప్రతి మస్జిద్ కమిటీ ఈ సున్నత్‌ను బతికించవచ్చు. పెద్ద నిధులు అవసరం లేదు. మహల్లాలో పదో తరగతి రాస్తున్న పిల్లలెవరో, తప్పినవారెవరో ఒక పుస్తకంలో రాసుకోండి. ఫలితాలు వచ్చిన వారంలో ఆ ఇళ్ళకు వెళ్ళి, తప్పినవారితో సప్లిమెంటరీ ఫీజు కట్టించండి. రంజాన్‌లో వసూలయ్యే జకాత్‌లో కొంత, హక్కుదారులైన విద్యార్థుల ఫీజులకు కేటాయించండి. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ సొమ్మును విద్యార్థికి లేదా అతని సంరక్షకుడికి స్వంతం చేసి ఇవ్వాలన్నది గుర్తుంచుకోండి. కువైట్‌లో పనిచేసి వచ్చిన అనుభవజ్ఞులను నెలకోసారి ఇషా తర్వాత కూర్చోబెట్టండి. కొత్తగా వెళ్ళేవారి వీసా కాగితాలు వారు చూసి చెబుతారు. మెకానిక్, ఎలక్ట్రీషియన్, టైలర్ సోదరులు ఒక్కొక్కరు ఒక్కో కుర్రాడిని శిష్యుడిగా తీసుకుని, అతని చదువు ఆగకుండా చూడండి. కట్నం తీసుకోకుండా పెళ్ళి చేసుకునే యువకుడి నికాహ్‌ను జుమా రోజున మస్జిద్‌లో జరిపి, అతన్ని అందరి ముందూ దుఆలతో గౌరవించండి.

ఇక యువకులతో ఒక మాట. సోదరులారా! మీ చుట్టూ పరిస్థితులు కఠినంగా ఉన్నాయని మాకు తెలుసు. కొన్నిచోట్ల మీ పేరు వినగానే అద్దె ఇల్లు దొరకదు, కొన్నిచోట్ల అనుమానంగా చూస్తారు. మూసా (అలై) కూడా మద్‌యన్‌లో పరాయివాడే. ఆయన తన గురించి ముందుగా చెప్పుకోలేదు, ఆయన పని చెప్పింది. ద్వేషానికి ద్వేషంతో బదులివ్వటంలో మీ యౌవనాన్ని కరిగించకండి. మీ నైపుణ్యమూ మీ నిజాయితీయే మీ తరఫున మాట్లాడాలి. మేకలు కాసిన ఆ ఏళ్ళు వృథా అయ్యాయని ఆనాడు ఎవరైనా అనుకుని ఉండవచ్చు. గడువు పూర్తిచేసుకుని ఇంటివారితో బయలుదేరిన ఆ మనిషినే తూర్ పర్వతం దగ్గర అల్లాహ్ పిలిచి మాట్లాడాడు. హలాల్ కష్టంలో గడిచిన ఏ రోజూ అల్లాహ్ దగ్గర వృథా పోదు.

ఓ అల్లాహ్! మా యువకులకు ధర్మసమ్మతమైన ఉపాధిని, ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించు. పరదేశాల్లో ఉన్న మా బిడ్డలను క్షేమంగా ఇళ్ళకు చేర్చు. మా ఇళ్ళ నుండి వడ్డీని, జూదాన్ని, కట్నాన్ని తొలగించు. మా పెద్దలకు మద్‌యన్ పెద్దాయన మనసును, మా పిల్లలకు బలాన్నీ నమ్మకాన్నీ అనుగ్రహించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!